ఇచ్చిన అక్షరాలతో ఇంగ్లీషు పదాలు పట్టుకోవడం ఎలా? ముందు అచ్చులకు చోటు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బ్యాంకు పరీక్షలకు చదువుతున్నారు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. "ఇ, ఎ, టి, ఎస్ అనే నాలుగు అక్షరాలతో, ఒక్కో పదంలో ఒక్కో అక్షరాన్ని ఒక్కసారే వాడి, ఎన్ని అర్థవంతమైన ఇంగ్లీషు పదాలు చేయవచ్చు?" అన్న ప్రశ్నకు సీట్, ఈస్ట్ తప్ప మీకు ఏమీ తట్టలేదు. కీలో మాత్రం "మూడు కంటే ఎక్కువ" అని ఉంది. ఫోన్‌లో వెతికితే ఎప్పుడూ వినని పదాలు కుప్పలుగా వచ్చాయి. డిక్షనరీ బట్టీ పట్టాలా అని అడిగారు.

అక్కర్లేదు. నిజానికి మీకు పదాలు తెలియక కాదు ఈ ఇబ్బంది. ఈట్స్ (తింటాడు) మీకు తెలియదా? టీస్ (టీలు, బహువచనం) తెలియదా? రెండూ తెలుసు, కానీ ఆ నిమిషంలో తట్టలేదు. నాలుగు అక్షరాలను కళ్లతోనే అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటే ఎవరికైనా అంతే. ముందు అచ్చులు ఏ చోట్లలో కూర్చోగలవో చూడండి, ఆ తర్వాత హల్లులు నింపండి. నేను నంద్యాలలో పద్నాలుగేళ్లుగా రీజనింగ్ చెబుతున్నాను. ఈ ఒక్క అలవాటుతో ఈ రకం ప్రశ్నలో తప్పులు ఆగిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను.

ఇక్కడ ఇంగ్లీషు అక్షరాలు కూడా తెలుగులోనే రాస్తున్నాను. పక్కన తెల్లకాగితం పెట్టుకుని ఇంగ్లీషులో రాసుకుంటూ చదవండి, అప్పుడే చేతికి పడుతుంది.

మీ లెక్కే తీసుకుందాం. నాలుగు వేర్వేరు అక్షరాలను 24 రకాలుగా పేర్చవచ్చు. ఆ 24నీ వరసగా రాస్తూ పోతే పరీక్ష సగం అక్కడే అయిపోతుంది. కానీ ఇందులో అచ్చులు రెండు (ఎ, ఇ), హల్లులు రెండు (టి, ఎస్). నాలుగు గళ్లలో రెండు అచ్చులు కూర్చోగల తీరులు ఆరే ఆరు. ఒక్కో తీరులో నాలుగు పేర్పులు. ఇప్పుడు 24 కుప్ప కాదు, ఆరు చిన్న గదులు.

అచ్చు-అచ్చు-హల్లు-హల్లు గదిలో ఈస్ట్, ఈట్స్ ఉన్నాయి. హల్లు-అచ్చు-అచ్చు-హల్లు గదిలో సీట్, టీస్. హల్లు-అచ్చు-హల్లు-అచ్చు గదిలో సేట్ (తనివి తీర్చడం) ఉంది, దాని పక్కనే సీటా అనే జీవశాస్త్రపు మాట కూడా ఉంది, పురుగుల ఒంటి మీది బిరుసు వెంట్రుక అని అర్థం. అచ్చు-హల్లు-అచ్చు-హల్లు గదిలో ఈటాస్, అంటే ఈటా అనే గ్రీకు అక్షరానికి బహువచనం, పరీక్షకు దీని అవసరం రాదు. మిగతా రెండు గదులు, అంటే అచ్చులు రెండు కొసల్లో ఉన్నదీ, హల్లులు రెండూ ముందు ఉన్నదీ, ఖాళీ. మొదటి రెండు గదులు చూసేసరికే మీకు నాలుగు పదాలు వచ్చేశాయి గమనించారా?

ఇక్కడ ఒక పెద్ద సౌకర్యం ఉంది, చాలామంది వాడుకోరు. ఈ ప్రశ్నకు ఇచ్చే ఎంపికలు సాధారణంగా "ఒక్కటీ లేదు, ఒకటి, రెండు, మూడు, మూడు కంటే ఎక్కువ" అని ఉంటాయి. నాలుగో పదం దొరికిన క్షణం పెన్ను కింద పెట్టేయండి. సేట్ తెలుసా, సీటా తెలుసా అన్న బెంగే అక్కర్లేదు. చాలా బ్యాంకు ప్రిలిమ్స్‌లో రీజనింగ్‌కు 20 నిమిషాల్లో 35 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 34 సెకన్లు. ఇందులో మిగిల్చిన ప్రతి సెకనూ ఎవరు ఎక్కడ కూర్చున్నారో తేల్చే సీటింగ్ అరేంజ్‌మెంట్ పజిళ్లకు పనికొస్తుంది.

అచ్చు ఒక్కటే ఉంటే ఇంకా తేలిక. ఎస్, పి, ఓ, టి తీసుకోండి. ఓ కూర్చోగల చోట్లు నాలుగు. మొదట పెడితే ఆప్ట్స్ (ఎంచుకుంటాడు). రెండో గడిలో పెడితే పాట్స్, పోస్ట్, టాప్స్. మూడో గడిలో పెడితే స్టాప్, స్పాట్. చివరి గడిలో ఏమీ లేదు. ఆరు పదాలు, ఒక్కటి కూడా కొత్తది కాదు.

ఏ గది ముందు తెరవాలి? నా క్లాసులో చెప్పే వరస ఇది. సెట్‌లో ఇ ఉంటే ముందు దాన్ని చివర పెట్టి చూడండి, ఇంగ్లీషులో ఇ తో ముగిసే పదాలు లెక్కలేనన్ని. తర్వాత రెండు అచ్చుల్ని జంటగా మధ్యలో పెట్టండి: ఇ-ఎ, ఎ-ఐ, ఓ-యు, ఓ-ఎ, ఐ-ఇ. ఆ తర్వాత ఒకటి విడిచి ఒకటి. ఎస్ ఉంటే దాన్ని ఓసారి చివరికి నెట్టి మిగిలిన మూడక్షరాలు పదమవుతాయేమో చూడాలి, ఎందుకంటే బహువచనానికీ క్రియకూ అదే తోక. అక్షరాల బిళ్లలతో పదాలు కట్టే స్క్రాబుల్ ఆట తయారు చేసిన ఆల్ఫ్రెడ్ బట్స్ ఈ సంగతి బాగా ఎరిగినవాడు. వృత్తిరీత్యా ఆర్కిటెక్ట్ అయిన ఆయన 1930లలో వార్తాపత్రికల పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో కూర్చుని లెక్కపెట్టాడు. ఆటలోని 100 బిళ్లల్లో ఇ కి 12 ఇచ్చి, ఎస్ కు మాత్రం 4 తోనే సరిపెట్టాడు. ఎస్ ఎక్కువైతే ప్రతివాడూ దాన్ని తగిలించి పదం పెంచేస్తాడని ఆయన భయం. మన పరీక్షలో ఆ సౌలభ్యాన్ని మనం హాయిగా వాడుకోవచ్చు.

ఐదు అక్షరాలైతే పేర్పులు 120. కంగారు పడకండి, అచ్చులు రెండైతే గదులు పదే. ఎ, ఇ, ఎల్, ఎస్, టి చూడండి. ఇ చివర పెట్టి ఎ ని మధ్యలో పెడితే స్లేట్ (పలక), స్టేల్ (పాచిపోయిన). ఇ-ఎ జంట రెండు మూడు గళ్లలో ఉంటే లీస్ట్, టీల్స్ (టీల్ అంటే ఒక రకం చిన్న బాతు). అదే జంటను ఒక గడి కుడికి జరిపితే స్టీల్, ఉక్కు కాదు, దొంగిలించడం. ఒకటి విడిచి ఒకటి పెడితే టేల్స్ (కథలు). పది గదుల్లో నాలుగు తెరిస్తే ఆరు పదాలు.

ఇక మీరు తెలుగు మీడియం అన్నారు కాబట్టి ఒక విషయం కొంచెం విడమరిచి చెప్పాలి. నేనూ తెలుగు మీడియమే. మనకు చిన్నప్పుడు గుణింతం నేర్పారు. మన రాతలో విన్నదే రాస్తాం, రాసిందే చదువుతాం. ఆ అలవాటు చాలా మంచిదే, కానీ ఇక్కడ రెండు చోట్ల దారి తప్పిస్తుంది.

ఒకటి, మనం అక్షరాలను చూడం, వింటాం. ఇ-ఎ జంట కనిపించగానే చెవికి "ఈ" అని వినిపిస్తుంది. అందుకే మీకు సీట్, ఈస్ట్ వెంటనే తట్టాయి. కానీ అదే జంట బ్రెడ్‌లో "ఎ", బ్రేక్‌లో "ఏ", హార్ట్‌లో "ఆ" అవుతుంది. హెచ్, ఇ, ఎ, ఆర్, టి ఇస్తే ఎర్త్ దొరికినవాళ్లకు హార్ట్ దొరకదు, హార్ట్ దొరికినవాళ్లకు ఎర్త్ దొరకదు. రెండూ చెవికి దూరపు చుట్టాలు కూడా కావు, కాగితం మీద మాత్రం ఒకే ఐదు అక్షరాలు. ద్వేషించేవాడు అనే అర్థంలో హేటర్ కూడా అందులోనిదే.

రెండోది ఇంకా చిత్రం. బి, ఆర్, ఇ, ఎ, కె తో పదాలు చెప్పమంటే పిల్లలు "బేకర్, బ్రేక్, రెండు సార్" అంటారు. విరగడం బ్రేక్ వేరు, బండి ఆపే బ్రేక్ వేరు. పలుకు ఒకటే, స్పెల్లింగ్ రెండు. కాబట్టి జవాబు మూడు. దీనికి సరిగ్గా ఎదురు వరసలో ఎల్, ఐ, వి, ఇ ఉంది. లివ్ (బతకడం), లైవ్ (ప్రత్యక్ష ప్రసారం) పలుకులు రెండైనా స్పెల్లింగ్ ఒకటే, అది ఒక్క పదంగానే లెక్క. దానితో పాటు ఈవిల్, వైల్ (నీచమైన), వేల్ (మేలిముసుగు) ఉన్నాయి. మొత్తం నాలుగు. లెక్క స్పెల్లింగ్‌ది, పలుకుది కాదు. ఈ ఒక్క వాక్యం మీ నోట్‌బుక్ అట్ట లోపల రాసుకోండి.

పలకని అక్షరాలతోనూ ఇదే తంటా. ఎస్, ఐ, ఎన్, జి ఇస్తే సింగ్ అందరూ చెప్తారు. సైన్ ఎవరూ చెప్పరు, ఎందుకంటే సైన్‌లో జి వినపడదు. ఎల్, ఎ, ఎం, పి, ఎస్ ఇస్తే ల్యాంప్స్ వస్తుంది, పామ్స్ (అరచేతులు) అతి కష్టం మీద వస్తుంది, సామ్ (బైబిల్లోని కీర్తన) అసలు రాదు. అందులో పి, ఎల్ రెండూ మూగవే. చర్చికి వెళ్లే పిల్లలు మాత్రం టక్కున చెప్పేస్తారు, ఆ మాట వాళ్లు పుస్తకంలో కళ్లతో చూసి ఉంటారు కాబట్టి. కళ్లతో చదివిన మాట, చెవితో విన్న మాట వేరు వేరు అరల్లో ఉంటాయనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనపడలేదు.

గదుల పద్ధతికి తోడుగా ముక్కల పద్ధతి ఒకటి ఉంది. ఇంగ్లీషులో కొన్ని అక్షరాలు జట్టుగానే తిరుగుతాయి: టి-హెచ్, ఎస్-టి, సి-కె, సి-హెచ్, ఎస్-హెచ్, టి-ఆర్. కొన్ని మూడేసి: ఐ-ఎన్-జి, జి-హెచ్-టి. సెట్‌లో అవి కనిపిస్తే మూటగట్టి పక్కన పెట్టి మిగిలినదానితో ఆడాలి. జి, ఎన్, ఐ, హెచ్, టి చూడండి. ఐ-ఎన్-జి మూటగడితే మిగిలేది టి-హెచ్, అది థింగ్. జి-హెచ్-టి మూటగడితే మిగిలేది ఎన్-ఐ, అది నైట్. ఒక మూట కట్టి పదం వచ్చిందని ఆగిపోకూడదు, విప్పి రెండో మూట కట్టి చూడాలి. టి, హెచ్, ఓ, ఆర్, ఎన్ తో నార్త్, థార్న్ (ముల్లు) వచ్చేది కూడా ఇలాగే, టి-హెచ్ మూటను ఒకసారి చివర, ఒకసారి ముందు పెట్టడం వల్ల. బి, ఆర్, యు, ఎస్, హెచ్ తో బ్రష్, ష్రబ్ (పొద) కూడా అంతే.

ఒక పదం కనిపించాక రెండోది ఎందుకు కనపడదో నా అనుభవమే చెప్తాను. చాలా ఏళ్ల కిందట క్లాసు టెస్టు కోసం నేనే పేపరు తయారు చేశాను. డి, యు, ఎస్, టి, వై అక్షరాలు ఇచ్చి, కీలో "ఒకటి" అని వేశాను. నా దృష్టిలో స్టడీ ఒక్కటే. వెనక బెంచీలో అమ్మాయి లేచి, "సార్, డస్టీ కూడా అవుతుంది కదా" అంది. అంతమంది ముందు కీ దిద్దాను, అందరికీ ఆ మార్కు కలిపాను. స్టడీ అనే మాట మన వృత్తిలో రోజూ వాడేది కావడంతో నా కంటికి ఆ అక్షరాలు ఆ వరసలోనే అతుక్కుపోయాయి. ఆ రోజు నుంచి నేను పాటించే నియమం: పదం దొరకగానే ఆ అక్షరాలను కాగితం మీద ఇంగ్లీషు అకారాది వరసలో తిరిగి రాస్తాను. డి-ఎస్-టి-యు-వై. ఆ వరసకు అర్థం లేదు కాబట్టి కన్ను పాత పదాన్ని వదిలేస్తుంది. అన్నట్టు, వై ని అచ్చుల జట్టులో కలిపే చూడాలి. పదం చివర అది అచ్చుగా పలుకుతుంది. రిథమ్, హిమ్ (స్తోత్రం), క్రిప్ట్ లాంటి మాటల్లో మధ్యలో కూడా అదే అచ్చు.

ఇదే కుటుంబంలో ఇంకో రెండు రకాల ప్రశ్నలు వస్తాయి, వాటితో కలిపేసుకోకండి. "ఉన్న అక్షరాలతో పదం" అన్న మాటకు ఒక్కో ప్రశ్నలో ఒక్కో అర్థం.

ఒక రకంలో పెద్ద పదం ఇచ్చి, అందులో ఫలానా చోట్ల అక్షరాలు తీసుకోమంటారు. పర్సనాలిటీ అనే పదంలో రెండు, నాలుగు, ఏడు, పది స్థానాల అక్షరాలతో ఒకే ఒక్క అర్థవంతమైన పదం వస్తే దాని మూడో అక్షరం ఏది, ఒకటి కంటే ఎక్కువ వస్తే ఎక్స్ అని జవాబివ్వండి అంటారు. తీసి చూస్తే ఇ, ఎస్, ఎ, టి. మన పాత మిత్రులే, జవాబు ఎక్స్. ఇక్కడ రెండో పదం దొరకగానే ఆగిపోవాలి. అదే పదంలో ఆరు, తొమ్మిది, పది, పదకొండు తీస్తే ఎన్, ఐ, టి, వై. టైనీ తప్ప వాడుకలో ఉన్నది ఏదీ రాదు, జవాబు ఎన్. స్థానాలు లెక్కపెట్టడంలోనే సగంమంది తప్పుతారు, అక్షరాల కింద చిన్న అంకెలు వేసుకోండి.

రెండో రకం ఎస్‌ఎస్‌సి (పదో తరగతి కాదు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పేపర్లలో బాగా కనిపిస్తుంది: ఇచ్చిన పెద్ద పదంలోని అక్షరాలతో చేయలేని పదం ఏది? ఇక్కడ గదులు, అచ్చులు ఏమీ వద్దు. ఇది సరుకుల చీటీ చూసి సంచి సరిచూసుకోవడం లాంటిది. అడ్మినిస్ట్రేషన్ అని ఇచ్చి స్టేషన్, మాన్షన్, మినిస్టర్, నేషన్ అని ఎంపికలు ఇచ్చారనుకోండి. అర్థం బట్టి చూస్తే మినిస్టర్ అందులోంచే పుట్టినట్టు కనిపిస్తుంది. కానీ ఆ పెద్ద పదంలో ఎ రెండు, ఐ మూడు, ఓ ఒకటి ఉన్నాయి, ఇ మాత్రం ఒక్కటీ లేదు. మినిస్టర్‌కు ఇ కావాలి. జవాబు అదే. చూడాల్సినవి రెండే: సంచిలో అసలు లేని అక్షరం, సంచిలో ఒకటే ఉండగా రెండుసార్లు అడిగిన అక్షరం. మిషన్ అన్న పదం ఇచ్చి ఉంటే అది రెండో రకం దెబ్బ, దానికి ఎస్ రెండు కావాలి, మన దగ్గర ఉన్నది ఒకటే. నేషన్‌కు ఎన్ రెండు కావాలి, అవి ఉన్నాయి, కాబట్టి అది కుదురుతుంది.

పరీక్షల బయట కూడా ఈ "ఉండాలి" అన్న మాట ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి. రోజూ ఫోన్‌లో ఐదక్షరాల మాట ఊహించే వర్డిల్ ఆట ఆడేవాళ్లను అడగండి. బూడిదరంగు పడితే ఆ అక్షరం ఉండకూడదు, ఆకుపచ్చ పడితే ఆ చోటనే ఉండాలి, పసుపు పడితే ఉండాలి గానీ ఆ చోట కాదు. మన అవధానాల్లో నిషిద్ధాక్షరి, న్యస్తాక్షరి ఉన్నాయి కదా. ఒకటి ఈ అక్షరం వాడొద్దనేది, ఇంకొకటి ఈ అక్షరం ఈ పాదంలో ఈ చోటనే రావాలనేది. నా దృష్టిలో రెండింటి బిగింపూ ఒకటే. అవధాని ఆ బిగింపులో ఛందస్సు తప్పకుండా పద్యం చెప్పి, ఇంకా మిగతా పృచ్ఛకులకు కూడా సమాధానమిస్తాడు. క్లాసులో ఈ పోలిక చెప్పినప్పుడు తెలుగు మీడియం పిల్లల ముఖాలు వెలగడం చూశాను, ఇది మనకు పరాయి విద్య కాదని వాళ్లకు అర్థమవుతుంది.

ఇక ఫోన్‌లో కనిపించిన ఆ వినని పదాల సంగతి. అక్షరాలు కొడితే పదాలు ఇచ్చే యాప్‌లలో చాలావాటి వెనక స్క్రాబుల్ ఆటగాళ్ల పదాల పట్టిక ఉంటుంది. అందులో అంతర్జాతీయంగా వాడే కాలిన్స్ పట్టిక 2019 కూర్పులో 2,79,496 పదాలున్నాయి. ఆ ఆటలో పదానికి అర్థం తెలియాల్సిన పని లేదు, పట్టికలో ఉంటే చాలు. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే, ఫ్రెంచి పట్టిక కంఠస్థం చేసి 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. అది వేరే సాధన, దానికి నేను చేతులు జోడిస్తాను. మీ ప్రశ్నలో మాత్రం "అర్థవంతమైన" అన్న మాట ఉంది. పేపరు తయారు చేసేవాడి మనసులో ఉండేది ఇంగ్లీషు దినపత్రికలో కనిపించే మాటలే. కాబట్టి యాప్‌ను జవాబు కోసం కాదు, జవాబు చెప్పాక సరిచూసుకోవడానికి వాడండి. వచ్చిన జాబితాలో మీకు తెలిసి ఉండి తట్టని పదాలకు మాత్రమే సున్నా చుట్టండి. తెలియనివాటిని వదిలేయండి. ఆ సున్నా చుట్టిన పదాలు ఏ గదిలో ఉన్నాయో వారం రోజులు గమనిస్తే, మీరు తెరవడం మర్చిపోతున్న గది ఏదో మీకే తెలిసిపోతుంది. చాలామందికి అది అచ్చుతో మొదలయ్యే గది. ఐ, టి, ఇ, ఎం ఇస్తే టైమ్ వస్తుంది, మైట్ (అతి చిన్న పురుగు) కొంతమందికి వస్తుంది, ఐటమ్, ఎమిట్ (వెలువరించడం) జారిపోతాయి.

బహువచనాలు, ఎస్ తగిలించిన క్రియలు లెక్కలోకి వస్తాయా అని క్లాసులో తప్పకుండా ఒకరు అడుగుతారు. వస్తాయి. మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు, పొడి అక్షరాల మాటలు రావు. దీనికి పరీక్ష సంస్థలు ఫలానా డిక్షనరీయే ప్రమాణమని ప్రశ్నలో చెప్పవు, కాబట్టి అంచుల దగ్గర కొంత అనుమానం ఎప్పుడూ ఉంటుంది. నా పద్ధతి ఇది: నాలుగో పదం మామూలు మాటైతే ధైర్యంగా "మూడు కంటే ఎక్కువ" పెడతాను. నాలుగోది నేను కూడా ఒక్కసారే ఎక్కడో చూసిన మాటైతే "మూడు" పెడతాను. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది నిజమే, కానీ గదులన్నీ తెరిచి చూశాక మిగిలిన అనుమానం రెండు ఎంపికల మధ్యనే ఉంటుంది. అప్పుడు వదిలేయడం కంటే పెట్టడమే లాభం. ఒక్క గది కూడా తెరవకుండా గుడ్డిగా పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్తాను.

సాధన ఎలా చేయాలంటే, డిక్షనరీ బదులు ఒక కుటుంబాల పుస్తకం పెట్టుకోండి. పేజీకి ఎడమ పక్క అక్షరాల అకారాది వరస, కుడి పక్క ఆ కుటుంబంలోని పదాలు. ఎ-ఇ-ఎస్-టి ఎదురుగా ఈస్ట్, ఈట్స్, సీట్, టీస్, సేట్. ఎ-డి-ఇ-ఆర్ ఎదురుగా రీడ్, డియర్, డేర్. ఎ-ఇ-ఎల్-పి ఎదురుగా లీప్ (దూకడం), పేల్ (పాలిపోయిన), ప్లీ (విన్నపం), పీల్ (గంటల మోత, తొక్క తీసే పీల్ కాదు). ఎ-ఇ-ఎం-ఎన్ ఎదురుగా నేమ్, మీన్, మేన్ (జూలు), ఆమెన్. రోజుకు మూడు కుటుంబాలు చాలు. పత్రిక చదువుతూ ఏదైనా నాలుగక్షరాల మాట కనబడితే దాన్ని అకారాది వరసలోకి మార్చి, పుస్తకంలో ఆ కుటుంబం ఉందేమో చూడండి. లేకపోతే కొత్త ఇల్లు కట్టండి.

ఈ పుస్తకం చూసి ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి, "నాన్నా, కంప్యూటర్‌కు కూడా మేం ఇదే నేర్పుతాం" అన్నాడు. ప్రతి పదాన్నీ అక్షరాల వరసలోకి మార్చి, ఆ వరసే తాళంచెవిగా పదాలను గుంపులు కడతారట. ఏడు వేర్వేరు అక్షరాలిస్తే ఒకటి నుంచి ఏడు దాకా అన్ని పొడవుల్లో కలిపి 13,699 పేర్పులు అవుతాయి. పేర్పులు వెతకడం మానేసి ఏ అక్షరాలు తీసుకున్నామో మాత్రమే చూస్తే, వెతకాల్సిన తాళంచెవులు 127. మీకు కోడింగ్ వస్తే ఓ సాయంత్రంలో రాసేయవచ్చు. రాకపోయినా నోట్‌బుక్‌తో జరిగే పని అదే, కాకపోతే మెల్లగా. ఆ మెల్లదనం వల్లే మాట బుర్రలో నిలుస్తుంది.

పరీక్షకు మూడు నెలలుంటే ఈ ప్రశ్న కోసం రోజుకు పది నిమిషాలకు మించి ఇవ్వకండి. పేపరులో ఇది ఒకటో రెండో మార్కుల ప్రశ్న, పజిళ్లకు ఇవ్వాల్సిన సమయం దీనికి ఇస్తే నష్టం మీకే. ఆ పది నిమిషాల్లో మాత్రం గడియారం పెట్టుకుని, గదులు కాగితం మీద గీసుకుని చేయండి. రెండు మూడు వారాలు గడిచాక గీతలు గీయాల్సిన అవసరం పోతుంది, సెట్ చూడగానే ఇ దానంతటదే చివరికి జరుగుతుంది. మొదటి మూడు రోజులు సి, ఎ, యు, ఎస్, ఇ. ఇ, ఎల్, బి, ఓ, డబ్ల్యు. ఎ, ఎన్, జి, ఇ, ఎల్ అనే ఈ మూడు సెట్లతో మొదలుపెట్టండి. మొదటిదానిలో రెండు, మిగతా రెండింటిలో మూడేసి మామూలు మాటలున్నాయి.